పాలు తాగాక ఆ పది నిమిషాలు ఎవరివి?

రాత్రి రెండున్నర. కరెంటు పోయింది. దాహమేసి లేచాను. గదిలో ఉక్కపోత భరించలేక కాబోలు, మా అమ్మాయి హాల్లోకి వచ్చి మెత్తటి కుర్చీలో కూర్చుని ఉంది. ఒళ్లో నెల బిడ్డ. పాలిస్తోందనుకుని వెనక్కి తిరగబోయాను. ఎందుకో అనుమానం వచ్చి టార్చి వేశాను. అమ్మాయి తల పక్కకు వాలిపోయింది. ఒళ్లు తెలియని నిద్ర. బిడ్డ ఆమె చేతికీ కుర్చీ మెత్తకీ మధ్య సందులోకి జారింది. ముక్కు మెత్తకు ఆనుకుని ఉంది.

గుండె ఆగినంత పనైంది. గభాల్న బిడ్డను ఎత్తుకున్నాను. ఒక్క క్షణం ఆగి కేరుమంది. ఆ ఏడుపు విన్నంత సంతోషం నా జన్మలో ఇంకెప్పుడూ కలగలేదు. ఆ బిడ్డ ఇప్పుడు ఒకటో తరగతి. ఇంతకాలం ఈ సంగతి బయట చెప్పలేదు. ఇప్పుడు మళ్లీ బంధువుల ఇళ్లలో చంటిబిడ్డలు వచ్చారు. చెప్పకపోతే తప్పనిపిస్తోంది.

ఆ రాత్రి అమ్మాయి తనదే తప్పని ఏడ్చింది. నిజానికి తప్పు ఆమెది కాదు. అప్పుడే పుట్టిన బిడ్డ రోజుకి 8 నుంచి 12 సార్లు పాలు తాగుతుంది. రాత్రీ పగలూ తేడా తెలియదు. ఆ తేడా అలవాటు కావడానికి రెండు మూడు నెలలు పడుతుంది. అంతవరకూ బాలింతకు రెండు గంటలు వరసగా కునుకు పట్టడం గగనం. పాలివ్వడం ఎలాగూ తల్లే చేయాలి. పాలు తాగిన తర్వాత బిడ్డను భుజాన వేసుకుని, తేన్పు తెప్పించి, పక్క మీద సరిగ్గా పడుకోబెట్టే పని మాత్రం ఎవరైనా చేయొచ్చు. ఆ పది నిమిషాలే తల్లికి కళ్లు మూతలు పడే సమయం. బిడ్డకు ప్రమాదం ఎక్కువగా ఉండే సమయమూ అదే. మన ఇళ్లలో ఆ పది నిమిషాలు కూడా తల్లి నెత్తినే వేస్తున్నాం. నా అభ్యంతరం అక్కడే.

చదవగలిగింది ఒక్కరే

మాది బళ్లారి. 1953లో బళ్లారి మైసూరులో కలిసినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం అటు ఆంధ్రలో ఉండిపోయాయి. రాష్ట్రాలకు గీత పడింది గానీ మన పెళ్లిళ్లు ఆ గీతను ఎప్పుడూ లెక్కచేయలేదు. మా అమ్మాయిని ఆదోనికి ఇచ్చాం. తొలికాన్పుకు పుట్టింటికి తెచ్చుకున్నాం. ఇంటికి పంపేటప్పుడు ఆసుపత్రి వాళ్లు ఒక కాగితం చేతిలో పెట్టారు. బిడ్డను ఎలా పడుకోబెట్టాలో, ఏం చేయకూడదో అందులో బొమ్మలతో సహా ఉంది. అంతా కన్నడం.

మా ఆవిడకు తెలుగు తప్ప చదవడం రాదు. అల్లుడికి కన్నడం అక్షరాలే తెలియవు. అమ్మాయి కన్నడ మీడియంలో చదివింది కాబట్టి చదవగలదు. అంటే ఇంట్లో అందరికంటే నిద్ర తక్కువైన మనిషి మీదే ఆ కాగితం చదివే భారం కూడా పడింది. ఇక నా సంగతి. నాకు కన్నడం చదవడం బాగానే వచ్చు. కానీ చదవలేదు. ఆడవాళ్ల వ్యవహారం అనుకుని బీరువాలో పెట్టేశాను. ఆ రాత్రి తర్వాత తీసి చదివితే, మెత్తటి కుర్చీలో బిడ్డతో నిద్రపోవద్దని అందులో స్పష్టంగా ఉంది.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. హోసూరులో కాగితం తమిళంలో ఉంటుంది. బరంపురం, రాయగడల్లో ఒడియాలో ఉంటుంది. షోలాపూర్, సిరోంచల్లో మరాఠీలో ఉంటుంది. బడికెళ్లే పిల్లలకు ఆ భాష వస్తుంది. బిడ్డను చేతుల్లోకి తీసుకునే అమ్మమ్మకు, నాయనమ్మకు చాలా ఇళ్లలో రాదు. అటునుంచి కోడలిగా వచ్చిన అమ్మాయికి అసలే రాదు. నర్సు గబగబా చెబుతుంది, ఈమె తలూపుతుంది. అంతటితో సరి. ఈ విషయంలో యానాం వాళ్లు అదృష్టవంతులు. పాలన పుదుచ్చేరిదైనా ఊళ్లో తెలుగుకు చోటుంది.

వెల్లకిలా ఎందుకు?

ఆ కాగితంలోని సంగతులు, తర్వాత పిల్లల డాక్టర్లు చెప్పగా విన్నవి తెలుగులో ఇక్కడ పెడతాను. ఇంట్లో పెద్దవాళ్లకు చదివి వినిపించండి.

బిడ్డను ఎప్పుడూ వెల్లకిలా పడుకోబెట్టాలి. బోర్లా వద్దు, పక్కకు తిప్పి కూడా వద్దు. పక్కకు తిప్పిన బిడ్డ నిద్రలో బోర్లా పడిపోవచ్చు. ‘వెల్లకిలా పడుకుంటే పాలు కక్కి పొలమారదా?’ అని మా ఆవిడ కూడా అడిగింది. డాక్టరు బొమ్మ గీసి చూపించారు. వెల్లకిలా ఉన్నప్పుడు ఊపిరి గొట్టం పైన, ఆహారం వెళ్లే గొట్టం కింద ఉంటాయి. కక్కిన పాలు ఊపిరి గొట్టంలోకి పోవాలంటే ఎదురెక్కి పోవాలి. బోర్లా పడుకుంటే లెక్క తిరగబడుతుంది. అమెరికాలో బిడ్డలను వెల్లకిలా పడుకోబెట్టమని 1994లో పెద్ద ఎత్తున ప్రచారం మొదలుపెట్టారు. తర్వాతి పదేళ్లలోపే, నిద్రలో కారణం తెలియకుండా పోయే పసిబిడ్డల మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. దానికి మందు అక్కర్లేదు, మిషను అక్కర్లేదు. పడుకోబెట్టే తీరు మారితే చాలు.

పక్క గట్టిగా, చదునుగా ఉండాలి. తల కింద దిండు వద్దు. తల గుండ్రంగా రావాలని ఆవాల దిండు పెడతాం. రెండు పక్కలా చిన్న దిండ్లు అడ్డం పెడతాం. ప్రేమతో చేసేవే ఇవన్నీ. కానీ ముఖం దిండుకు ఆనుకుంటే ఇటు తిప్పుకునే బలం నెలల బిడ్డకు ఉండదు. మేలుకున్నప్పుడు, మనం పక్కనే ఉన్నప్పుడు కాసేపు బోర్లా వేసి ఆడిస్తే మెడకు బలమొస్తుంది, తల వెనక అదే పనిగా ఒత్తిడీ పడదు. ముఖం దాకా దుప్పటి వద్దు. మెడలో నల్లపూసలు, తాయెత్తు దారం నిద్రలో బిగుసుకోవచ్చు. దిష్టికి కట్టాలనిపిస్తే మొలతాడు ఉండనే ఉంది.

చీర ఉయ్యాల మాటెత్తితే పెద్దవాళ్లకు కోపం వస్తుంది. మనమంతా అందులో పెరిగినవాళ్లమే. పగలు మనిషి పక్కన కూర్చుని ఊపుతుంటే ఎవరూ కాదనరు. రాత్రి అందరూ నిద్రపోయాక అందులో వదిలేస్తేనే చిక్కు. చీరలో బిడ్డ వీపు వంగుతుంది, గడ్డం రొమ్ముకు ఆనుతుంది. మెడ నిలవని బిడ్డకు ఊపిరి దారి ఇరుకవుతుంది. చీర అంచు ముఖం మీదికి వచ్చినా చూసేవాళ్లు ఉండరు. ఉయ్యాలలో వేసే వేడుక చేసుకోండి, జోల పాడండి. రాత్రి పక్క మాత్రం చదునైన చోట వేయండి.

పక్కలో వేసుకోవచ్చా?

ఈ ప్రశ్న దగ్గర పుస్తకాలకూ మన ఇళ్లకూ పొసగదు. బిడ్డ తల్లి ఉన్న గదిలోనే ఉండాలి గానీ వేరే పక్క మీద ఉండాలని, కనీసం ఆర్నెల్లు ఇలా చేస్తే మేలని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2022లో కూడా చెప్పింది. ఒకే గది ఉన్న ఇంట్లో, ఒకే చాప మీద నలుగురు పడుకునే చోట ఇది ఎలా కుదురుతుంది? కుదిరే దారి ఉంది. తల్లి చాప పక్కనే, చేతికి అందేంత దూరంలో, బిడ్డకు వేరే చిన్న చాప. దాని మీద ముడతలు లేకుండా పలచటి బొంత. నేల మీద కాబట్టి పడిపోయే భయం లేదు.

పడుకుని పాలిస్తూ తల్లి నిద్రలోకి జారిపోవచ్చు. అది సహజం. సోఫాలోనో మెత్తటి కుర్చీలోనో బిడ్డతో నిద్రపోవడం కంటే, దిండ్లు దుప్పట్లు తీసేసిన గట్టి పక్క మీద నిద్రపోవడమే తక్కువ ప్రమాదం. మెలకువ రాగానే బిడ్డను దాని చాప మీదికి మార్చాలి. కొన్ని ఇళ్లలో మాత్రం పక్కలో వేసుకోవడం అసలు పనికిరాదు. మంచం మీద తాగిన మనిషి ఉంటే వద్దు. బీడీ, సిగరెట్టు కాల్చేవాళ్లుంటే వద్దు. తల్లి మగతనిచ్చే మందులు వాడుతుంటే వద్దు. బిడ్డ నెలలు నిండకుండా పుట్టినా, రెండున్నర కిలోల కంటే తక్కువున్నా వద్దు.

పొగ సంగతి ఇంకొంచెం చెప్పాలి. బిడ్డ ఉన్న ఇంట్లో బీడీ, సిగరెట్టు పొగ నిద్రలో మరణాల ముప్పు పెంచుతుందని రుజువైంది. షోలాపూర్‌లో మన తెలుగు ఆడపడుచులు తరాలుగా ఇంట్లోనే బీడీలు చుట్టి సంసారాలు ఈదుతున్నారు. ఆ పని మానమని చెప్పే హక్కు మనకు లేదు. పొగాకు చాట బిడ్డ పడుకునే చోటికి దూరంగా పెట్టుకోవడం, చేతులు కడుక్కుని, జాకెట్టు మార్చుకుని బిడ్డను తీసుకోవడం వీలయ్యేవే. ఇక బాలింత గదిలో తలుపులు మూసి బొగ్గుల కుంపటి పెట్టడం మహా ప్రమాదం. ఆ విషవాయువుకు వాసన ఉండదు, తల్లీబిడ్డలిద్దరికీ ముప్పే. దోమల చుట్ట బదులు దోమతెర కట్టండి.

చలికాలం తప్పిస్తే మన ఎండలకు బిడ్డను పొత్తిగుడ్డల్లో పొట్లం కట్టాల్సిన పని లేదు. తొలిరోజుల్లో, ముఖ్యంగా బరువు తక్కువ బిడ్డకు, టోపీ వేయమని డాక్టరు చెబితే వేయాలి. అంతేగానీ మే నెల బళ్లారిలో స్వెట్టరు, టోపీ పెట్టి నిద్రపుచ్చితే బిడ్డ ఉడికిపోతుంది. మెడ వెనక చెయ్యి పెట్టి చూడండి. చెమట పట్టి ఉంటే ఒక పొర తీసేయండి. గుడ్డ చుట్టే అలవాటున్నవాళ్లు, బిడ్డ దొర్లే ప్రయత్నం మొదలుపెట్టగానే చుట్టడం మానాలి.

ఆ పది నిమిషాల పని

మా ఇంట్లో ఆ రాత్రి తర్వాత పద్ధతి మారింది. రెండు గంటల దాకా మా ఆవిడ, ఆ తర్వాత నేను. శనివారం అల్లుడు ఆదోని నుంచి వస్తే ఆ రాత్రంతా అతనిదే. అమ్మాయి పాలిచ్చి బిడ్డను చేతికిచ్చి పడుకునేది. పని కష్టమేం కాదు. పెద్ద లైటు వేయకూడదు, జీరో బల్బు చాలు. మాటలు, ఆటలు పెట్టకూడదు. గుడ్డ మార్చాలంటే పాలు తాగే మధ్యలోనే మార్చాలి. కడుపు నిండి కళ్లు మూశాక మారిస్తే నిద్ర మళ్లీ మొదటికొస్తుంది. తాగాక తల భుజం మీద నిలిచేలా ఎత్తుకుని వీపు మీద మెల్లగా తట్టాలి. ఐదు నిమిషాల్లో తేన్పు రాకపోతే కంగారు వద్దు, అన్నిసార్లూ రాదు. దించేటప్పుడు ముందు పిర్రలు, తర్వాత వీపు, చివర తల ఆనించాలి. రొమ్ము మీద చెయ్యి ఒక నిమిషం ఉంచి మెల్లగా తీయాలి. ముఖం మీద ఏమీ లేదని చూసుకుని దీపం ఆర్పాలి. అంతే.

ఎంత చేసినా ఏడుపు ఆపని రాత్రులు ఉంటాయి. అప్పుడు మనకు విసుగొస్తుంది. ఆ విసుగులో బిడ్డను గట్టిగా ఊపితే మెదడులో రక్తస్రావమయ్యే ప్రమాదం ఉంది. ఓపిక నశిస్తే బిడ్డను చాప మీద వెల్లకిలా పడుకోబెట్టి, రెండు నిమిషాలు బయటికెళ్లి రండి. నిద్ర కోసం నల్లమందు, దగ్గు సిరప్, తేనె నాకించడం, వస రుద్ది పోయడం, చక్కెర నీళ్లు ఇవేవీ వద్దు. ఏడాది లోపు బిడ్డకు తేనె విషమయ్యే అవకాశం ఉంది. డాక్టరు రాసిన చుక్కల మందులు తప్ప ఆర్నెల్ల దాకా తల్లిపాలే, మంచినీళ్లు కూడా అక్కర్లేదు.

రాత్రి లేచి చూసేవాడికి ఇంకో లాభం ఉంది, తేడా వస్తే ముందే తెలుస్తుంది. బిడ్డ పాలు తాగకపోయినా, నిమిషానికి 60 సార్లో అంతకు మించో ఊపిరి తీస్తున్నా, డొక్కలు లోపలికి పోతున్నా, ఒళ్లు కాలుతున్నా, చల్లబడినా, తట్టినా కదలకపోయినా తెల్లారేదాకా ఆగకూడదు. అప్పటికప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

‘మగాడు రాత్రి బిడ్డను ఎత్తుకుంటాడా?’ అని నవ్వేవాళ్లున్నారు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి భార్య కాన్పుకు 15 రోజుల సెలవు ఉంది. ప్రైవేటు ఉద్యోగికి, కూలివాడికి అలాంటి చట్టం లేదు. పొద్దున్నే పనికి పోయేవాడికి రాత్రి మెలకువ కష్టమే, ఒప్పుకుంటాను. కానీ ప్రతి రాత్రీ అడగడం లేదు. వారంలో రెండు రాత్రులు చేసినా తల్లికి ప్రాణం లేచొస్తుంది. రిటైరై ఇంట్లో ఉన్న నాలాంటి తాతలకైతే సాకే లేదు. మనకు మూడింటికి ఎలాగూ మెలకువ వస్తుంది.

తెలుగులో ఒక్క కాగితం

ఆసుపత్రిలో కాన్పయితే ఆశా కార్యకర్త ఇంటికి 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆరుసార్లు రావాలని 2011 నుంచి పథకం ఉంది. తమిళనాడులో గ్రామ నర్సులు వస్తారు. వాళ్లు రాగానే బాలింతను పిలిచి మనం పక్కకు పోతాం. అలా వద్దు. అమ్మమ్మ, నాయనమ్మ, తండ్రి అందరూ కూర్చోండి. భాష రాకపోతే వచ్చినవాళ్లు అక్కడే తెలుగులో చెప్పండి. చాప చూపించి, ‘ఇక్కడ పడుకోబెట్టొచ్చా?’ అని అడగండి.

రెండోది సర్కారు పని. జిల్లాలోగానీ తాలూకాలోగానీ ఒక భాష మాట్లాడేవాళ్లు 15 శాతం ఉంటే, ముఖ్యమైన ప్రకటనలు ఆ భాషలోనూ ఇవ్వాలని భాషా అల్పసంఖ్యాకుల రక్షణల్లో ఉంది. మనం ఇంతకాలం దాన్ని బడులకు, ఓటర్ల జాబితాలకు అడిగాం. పసిబిడ్డ ప్రాణానికి సంబంధించిన కాగితం కంటే ముఖ్యమైన ప్రకటన ఏముంటుంది? కన్నడ కాగితం తీసేయమని ఎవరూ అనడం లేదు. వెనకవైపు ఖాళీగా ఉంది కదా, అక్కడ తెలుగు వేయమంటున్నాం.

మూడోది మన తెలుగు సంఘాల పని. ఏటా ఉగాదికి క్యాలెండర్లు అచ్చేసి పంచుతున్నాం. వాటి వెనక పేజీలో పెద్ద అక్షరాలతో, బొమ్మలతో ఈ పది సంగతులు వేస్తే అదనంగా అయ్యే ఖర్చెంత? క్యాలెండరు ఏడాది పొడుగునా గోడకుంటుంది. స్థానిక పిల్లల డాక్టరుతో ఒకసారి చదివించి అచ్చువేస్తే తప్పులూ ఉండవు.

బాలింత ఊరికే ఏడుస్తున్నా, బిడ్డ నిద్రపోయినా తనకు నిద్ర పట్టడం లేదన్నా ‘కొత్త కదా’ అని కొట్టిపారేయకండి. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్‌కు 14416 నంబరుకు ఫోను చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. సరిహద్దు ఇవతల ఉన్న మనకు ఇది నిజంగా పనికొచ్చే నంబరు.

మీ ఇంట్లోనో, పక్కింట్లోనో చంటిబిడ్డ ఉంటే ఈ రాత్రి పడుకోబోయే ముందు ఒక్క మాట తేల్చుకోండి. పాలు తాగాక బిడ్డను అందుకునేది ఎవరు? పేరు చెప్పి ఒప్పుకోండి. అమ్మాయి నిద్రపోతుంది, బిడ్డ క్షేమంగా ఉంటుంది. నాకు పట్టిన అదృష్టం ప్రతిసారీ పట్టదు. టార్చి వేసేవాడు ప్రతి ఇంట్లో, సరిగ్గా ఆ వేళకే దాహమేసి లేవడు.